ముందు ఆ రేకు డబ్బాను దాటించు

సూర్యాపేట

చి. సాహితికి చిన్నతాత ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను బిడ్డా. అనుమానం లేదు, మీ నాన్న ఇంటర్ రోజుల్లో వాడిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ కంప్యూటరే అది. ఇన్నేళ్లూ మీ ఎల్.బి.నగర్ ఇంట్లో సజ్జ మీద పడి ఉన్నా మీటల మీది అక్షరాలు చెరగలేదు. దానికి హెచ్.డి.ఎం.ఐ. బోర్డు తెప్పించనా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ముందు దాని లోపల ఎలాంటి బొమ్మ తయారవుతోందో నీ కళ్లతో చూడు. అందుకు ఒక కండెన్సరు, ఒక ఎ.వి. లీడు, కాస్త ఓపిక చాలు. ఫోన్లో చెబితే సగం చెవిన పడుతుంది, సగం పోతుంది. ఈ కాగితం సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టుకుని చదువుకుంటూ చేస్తావని రాస్తున్నాను.

స్పెక్ట్రమ్ 1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో వచ్చింది. 48 కె. మెమరీ ఉన్నదాని ధర 175 పౌండ్లు. ఆ ధరకు మానిటర్ కూడా ఇవ్వడం కుదరని పని, అందుకే ఇంట్లో ఉన్న టీవీనే తెరగా వాడుకోమన్నారు. 1984లో కీబోర్డు మార్చి ప్లస్ అని పేరు పెట్టారు. దానికి లైసెన్సు తీసుకుని డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు 1980ల చివర్లో మన దేశంలో అమ్మారు. నువ్వు మూత తీసి పంపిన ఫోటోలో కనిపించినంత వరకు లోపలి అమరిక బ్రిటన్ బోర్డుదే. అదే కాలంలో ప్రభుత్వం క్లాస్ పథకం పెట్టి బడులకు బి.బి.సి. మైక్రోలు ఇచ్చింది. వాటి వెనక టీవీకి ఒకటి, మానిటర్‌కు ఒకటి, ఆర్.జి.బి.కి ఒకటి, ఇలా విడివిడిగా సాకెట్లు ఉండేవి. మీ నాన్న యంత్రానికి ఉన్నది ఒక్క టీవీ సాకెట్టే. మన పని అంతా ఆ ఒక్క సాకెట్ దగ్గరే.

బొమ్మ దారి చెబుతాను, శ్రద్ధగా చదువు. తెర మీద కనిపించేదంతా మెమరీలో 6,912 బైట్లలో ఉంటుంది. అందులో 6,144 బైట్లు చుక్కలకు, 768 బైట్లు రంగులకు. అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 192. ఫెరాంటీ కంపెనీ చేసిన యు.ఎల్.ఎ. అనే చిప్పు వాటిని వరసగా చదువుతూ మూడు తీగల మీద సిగ్నల్ బయటకు పంపుతుంది. వై అనేది వెలుతురు. యు, వి అనేవి రంగు. ఈ రెంటినీ ఎల్.ఎం. 1889 అనే ఇంకో చిప్పు తీసుకుని 4.43 మెగాహెర్ట్జ్ అల మీద ఎక్కిస్తుంది. ఆ పక్కనున్న ట్రాన్సిస్టర్ల దగ్గర రంగూ వెలుతురూ కలిసి ఒకే సిగ్నల్ అవుతుంది. దాన్నే కాంపోజిట్ వీడియో అంటాం. డీవీడీ ప్లేయర్ వెనక పసుపు పిన్నులోంచి వచ్చేది ఇలాంటిదే. అంటే టీవీకి కావలసిన సరుకు అక్కడికే సిద్ధమైపోయింది.

కానీ అది నేరుగా బయటికి రాదు. బోర్డు మూలన ఒక రేకు డబ్బా ఉంది చూడు, అది మాడ్యులేటర్. బ్రిటన్ బోర్డుల మీద ఆస్టెక్ కంపెనీ యు.ఎం. 1233 ఉండేది, అది యు.హెచ్.ఎఫ్. 36వ ఛానెల్లో పాడేది. సిద్ధమైన సిగ్నల్‌ను ఈ డబ్బా మళ్లీ ఒక రేడియో అల మీద ఎక్కించి, తనే ఒక బుల్లి టీవీ స్టేషన్ అయినట్టు యాంటెనా తీగలోకి పంపుతుంది. టీవీలోని ట్యూనర్ దాన్ని పట్టుకుని, ఆ అలను విప్పి, లోపలున్న కాంపోజిట్‌ను మళ్లీ బయటికి తీస్తుంది. చైతన్యపురి నుంచి పక్క స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్‌కు పోవలసినవాడు మియాపూర్ దాకా వెళ్లి తిరిగి వచ్చినట్టు. ఈ రాకపోకల్లోనే అంచులు చెదురుతాయి, చుక్కలు పడతాయి, పక్కింటి మిక్సీ తిరిగితే గీతలు వస్తాయి. డబ్బా వేడెక్కిన కొద్దీ ఛానెల్ కాస్త జరిగిపోతుంది, మళ్లీ ట్యూనింగ్ తిప్పాలి. యంత్రం తయారు చేసే బొమ్మలో పెద్ద దోషం లేదు, బయటికి పంపే దారే చెడ్డది.

ఆ రోజుల్లో అందరూ దాన్ని ఎందుకు భరించారంటే, టీవీకి యాంటెనా సాకెట్ తప్ప ఇంకో ద్వారం లేదు. హైదరాబాద్‌కు అప్పటికి టీవీ కొత్త. మూసారాంబాగ్‌లో బస్సు స్టాపుకే టీవీ టవర్ అని పేరు. రంగుల ప్రసారాలు 1982లో, పంద్రాగస్టుకు, ఏషియాడ్‌కు వచ్చాయి కానీ, నా రిపేరు మడిగెకు వచ్చే కస్టమర్లలో చాలామంది ఇళ్లలో దశాబ్దం చివరిదాకా నలుపు తెలుపు సెట్టే. అది కూడా మన ఇ.సి.ఐ.ఎల్. వాళ్ల ఇ.సి. టీవీ. 1967లో ఎ.ఎస్. రావుగారి చేతుల మీద మొదలైన సంస్థ అది. 1969 కల్లా టి.డి.సి. 12 అనే కంప్యూటర్ చేసింది, తర్వాత ఇంటింటికీ టీవీ చేసింది. హైదరాబాద్‌లో మా తరం మెకానిక్‌లకు సర్క్యూట్ చదవడం అబ్బిందంటే ఆ ఇ.సి. సెట్ల పుణ్యమే. దిల్‌సుఖ్‌నగర్‌లో నా మడిగె ముందు వరసలో సగం అవే ఉండేవి.

మీ నాన్న స్పెక్ట్రమ్ కూడా మీ ఇంట్లో ఇ.సి. టీవీకే తగిలించేవాడు. రంగులు కనిపించవని వాడు బెంగపడలేదు. స్పెక్ట్రమ్ రంగుల అంకెలు నలుపు 0 నుంచి తెలుపు 7 దాకా వెలుతురు పెరిగే క్రమంలోనే ఉంటాయి. అందుకని నలుపు తెలుపు టీవీలో అవి ఎనిమిది మెట్ల బూడిద రంగుగా శుభ్రంగా కనిపిస్తాయి. వాడి గొడవంతా అక్షరాల గురించే.

ఈ ముచ్చట నీకు తెలియదనుకుంటాను. స్పెక్ట్రమ్‌లో మనం సొంతంగా 21 అక్షరాలు గీసుకోవచ్చు. ఒక్కొక్కటి ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. మీ నాన్న గ్రాఫ్ పేపరు మీద గళ్లు నింపి, నిండిన గడికి ఒకటి, ఖాళీ గడికి సున్నా రాసుకుని, వరసకు ఒక అంకె చొప్పున యంత్రానికి ఎక్కించేవాడు. మొట్టమొదట గీసింది మీ నాయనమ్మ పేరు, లక్ష్మి. ల ఒక అక్షరం చోటులో పట్టింది. క్ష్మి పట్టదు కదా! పైన గుడి, మధ్యలో అక్షరం, కింద రెండు ఒత్తులు. ఒకదాని కింద ఒకటి రెండు అక్షరాల చోటు వాడి ఎలాగో కుదిర్చాడు. గ్రాఫ్ పేపరు మీద ముత్యంలా ఉంది. టీవీ మీద గుడికీ అక్షరానికీ మధ్య ఉన్న ఒక్క చుక్క సందు పూడిపోయింది, కింది ఒత్తులు రెండూ కలిసి ముద్దయ్యాయి. ఇంగ్లిషు అక్షరాలు నిలువు గీతలతో ఎలాగో బతికిపోతాయి. మన అక్షరానికి ప్రాణమంతా ఆ చిన్న సందుల్లోనే ఉంది. వాడు ఆ కాగితం పట్టుకుని నా మడిగెకు వచ్చి, తప్పు నాదా టీవీదా చిన్నాన్నా అని అడిగాడు. రెండింటిదీ కాదు, మధ్యలో ఉన్న డబ్బాది అని చెప్పాను. కానీ అప్పుడు మీ ఇంట్లో వీడియో సాకెట్ ఉన్న టీవీ లేదు. డబ్బాను దాటించినా సిగ్నల్ పెట్టడానికి చోటు లేదు. ఇప్పుడు నీ ఎల్.ఇ.డి. టీవీ వెనక ఆ పసుపు సాకెట్ ఉంది. అందుకే నువ్వు అడగగానే నాకు అంత సంతోషం.

ఇక పనిలోకి వద్దాం. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగు. కోఠి గుజరాతీ గల్లీ అక్కడికి నడిచే దూరం. 100 మైక్రోఫారడ్, 16 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ కండెన్సరు అడుగు. ఇంకా సన్నటి తీగ, స్లీవు, సోల్డరింగ్ లెడ్, ఫ్లక్స్, లెడ్ పీల్చే పంపు. మీటరు నీ దగ్గర ఉందన్నావు.

వీడియో జోలికి పోకముందు కరెంటు చూడు. ఇది దాటేసి ముందుకు వెళ్లవద్దు. దాని అడాప్టర్ 9 వోల్టులది, పిన్నులో లోపలి భాగం మైనస్, బయటి భాగం ప్లస్. ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువ దీనికి తలకిందులు. సైజు సరిపోయింది కదా అని ఇంట్లో రూటర్ అడాప్టర్ గుచ్చావో, బోర్డు దెబ్బ తింటుంది. పాత అడాప్టర్‌ను దేనికీ తగిలించకుండా కొలిస్తే 9 కన్నా బాగా ఎక్కువే చూపిస్తుంది, కంగారుపడకు. బోర్డుకు తగిలించాక 7805 రెగ్యులేటర్ దగ్గర 5 వోల్టులు సరిగ్గా రావాలి. తర్వాత 4116 అని రాసి ఉన్న మెమరీ చిప్పులు ఎనిమిది వరసగా ఉంటాయి. వాటిలో ఒకదాని 1వ కాలు దగ్గర మైనస్ 5, 8వ కాలు దగ్గర 12, 9వ కాలు దగ్గర 5 ఉండాలి. 16వ కాలు గ్రౌండు. మైనస్ 5 లేకపోతే వెంటనే ఆపెయ్యి. అది లేకుండా 12 ఒక్కటే నడిస్తే ఆ చిప్పులు కాలిపోతాయి. అలా ఉంటే నాకు ఫోన్ చెయ్యి, ఆ సంగతి వేరే చూద్దాం.

కీబోర్డు నుంచి బోర్డుకు వచ్చే రెండు ప్లాస్టిక్ పట్టీల దగ్గర జర పైలం. ముప్పై ఏళ్లు దాటితే అవి అప్పడంలా విరుగుతాయి. మాటిమాటికీ తీసి పెట్టకు. తీస్తే నిటారుగా పైకి లాగు, మడవకు.

ఇప్పుడు డబ్బా. మూత పైకి ఊడి వస్తుంది. పక్క నుంచి రెండు తీగలు లోపలికి పోతున్నాయి కదా, ఒకటి దానికి కరెంటు, ఇంకోటి వీడియో. ఏది ఏదో ఊహించకు, మీటరు పెట్టు. కదలకుండా 5 వోల్టులు చూపించేది కరెంటుది. రెండోది వీడియో. యంత్రం ఆపి, అడాప్టర్ గోడ నుంచి పీకేసిన తర్వాతే ఐరన్ పట్టుకో.

వెనక సాకెట్ మధ్య పిన్నుకు డబ్బా లోపల ఒక రెసిస్టర్ అంటి ఉంటుంది. పిన్ను దగ్గర దాని కాలు విడిపించి, దేనికీ తగలకుండా పక్కకు వంచు. కత్తిరించకు. తర్వాత కరెంటు తీగను డబ్బా దగ్గర విడిపించి కొసకు స్లీవు తొడుగు. ఇక డబ్బాకు ప్రాణం లేదు. వీడియో తీగను కూడా డబ్బా దగ్గర విడిపించి, దానికి కండెన్సరు ప్లస్ కాలు అతికించు, మైనస్ కాలు సాకెట్ మధ్య పిన్నుకు. రెండు కాళ్లకూ స్లీవు ఉండాలి, రేకుకు తగలకూడదు. కండెన్సరు ఎందుకంటే, ఆ తీగ మీద వీడియోతో పాటు కొంత డి.సి. వోల్టేజి కూడా ఉంటుంది. దాన్ని అడ్డుకుని వీడియోను మాత్రమే వదులుతుంది. అది లేకుండా కూడా చాలా టీవీల్లో బొమ్మ వస్తుంది, కొందరు అలాగే వదిలేస్తారు. నాకది నచ్చదు. కొత్త టీవీ ఇన్‌పుట్‌కు అక్కర్లేని వోల్టేజి ఎందుకు పెట్టాలి?

ఇందులో విరిచింది, కోసింది ఏమీ లేదని గమనించు. రేపు నువ్వే కాదు, నీ తర్వాత ఎవరైనా మూడు చోట్ల లెడ్ పెడితే డబ్బా మళ్లీ పాడుతుంది. సాకెట్ మీద మాత్రం ఇది ఎ.వి. అని చిన్న కాగితం అంటించు, లేకపోతే ఎవరో ఒకరు యాంటెనా తీగ గుచ్చి బొమ్మ రాలేదంటారు.

లీడు టీవీ పసుపు సాకెట్‌కు పెట్టి, ఎ.వి. ఎంచుకుని, బొమ్మ కొలత 4:3కు మార్చు. మర్చిపోతే అక్షరాలు లావుగా సాగుతాయి. స్విచ్ వెయ్యగానే తెర నల్లబడి, తర్వాత తెల్లబడి, అడుగున కాపీరైట్ వరస వస్తుంది. రోలింగ్ లేకుండా నిలబడితే పని అయినట్టే.

ఆ వరస చూసి మురిసిపోయి ఆగకు, పరీక్ష పెట్టు. ఒక అక్షరం గీసి ఎనిమిది వరసల్లోనూ 10101010 నింపు, అంటే 170. దాంతో తెర అంతా నింపు. ఒక చుక్క తెలుపు, ఒక చుక్క నలుపు నిలువు గీతలు రావాలి. డబ్బా దారిలో అయితే ఇది బూడిద ముద్ద. ఇప్పుడు గీతలు విడివిడిగా కనిపిస్తాయి. కానీ వాటి మీద లేని రంగులు తళతళలాడడం కూడా చూస్తావు. నీ సోల్డరింగ్ తప్పేమో అనుకోకు. ఈ యంత్రం సెకనుకు 70 లక్షల చుక్కల వేగంతో గీస్తుంది. ఒకటి విడిచి ఒకటి వెలిగితే 3.5 మెగాహెర్ట్జ్ సిగ్నల్ అవుతుంది. రంగును ఎక్కించింది 4.43 మీద. రంగుకు అటూ ఇటూ కాస్త చోటు కావాలి కదా, ఆ చోటు 3.5 దాకా పరుచుకుని ఉంటుంది. సన్నటి గీత ఏదో, రంగు ఏదో టీవీకి తేడా తెలియదు. రంగు అంచులు రెండు మూడు చుక్కల మేర పక్కకు కారడానికి కూడా కారణం ఇదే: రంగుకు ఇచ్చిన చోటు ఇరుకు. కాంపోజిట్‌కు ఇది పుట్టుకతో వచ్చిన హద్దు, ఎంత ఖరీదైన లీడు కొన్నా పోదు.

ఆ తర్వాత మీ నాయనమ్మ పేరు గియ్యి. నలుపు మీద తెలుపుతో, ఎరుపు మీద నీలంతో, రెండు రకాలుగా. నలుపు తెలుపులో క్ష్మి కింద ఒత్తులు రెండూ విడిగా కనిపించాలి. ఫోటో తీసి నాకు పంపు, మీ నాన్నకు కూడా పంపు.

తెర సంగతి అడిగావు. ఇంట్లో ఉన్న పాత నలుపు తెలుపు టీవీకి ఎ.వి. సాకెట్ పెట్టించవచ్చా అన్నావు. దాని మీద చెయ్యి వెయ్యవద్దు సాహితీ, ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ కాలపు చాలా సెట్లలో చాసిస్ నేరుగా మెయిన్స్‌తో కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే చాసిస్ రేకు మీదే 230 వోల్టులు ఉండవచ్చు. అలాంటిదానికి సాకెట్ పెట్టి స్పెక్ట్రమ్ తగిలిస్తే, ఆ కరెంటు లీడు మీదుగా కీబోర్డు మీదున్న నీ చేతి దగ్గరకు వస్తుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేనే ముట్టను. పెద్ద పిక్చర్ ట్యూబు కావాలని ఉంటే, ఫ్యాక్టరీ నుంచే ఎ.వి. సాకెట్ ఉన్న 21 అంగుళాల కలర్ టీవీ పాత సామాన్ల దుకాణాల్లోనో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో దొరకవచ్చు. ఈ యంత్రానికి అంతకన్నా మంచి తెర లేదని నా అభిప్రాయం. కానీ దాని వెనక మూత మాత్రం తియ్యకు. ట్యూబు మీద పాతికవేల వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీశాక కూడా చాలాసేపు నిలవ ఉంటాయి.

కొన్ని కొత్త టీవీల్లో పసుపు సాకెట్ కూడా తీసేస్తున్నారు, అప్పుడు ఎ.వి. నుంచి హెచ్.డి.ఎం.ఐ.కి మార్చే చిన్న పెట్టె కావాలి. గల్లీలో అమ్మే చౌక పెట్టెలు సినిమాల కోసం చేసినవి. స్పెక్ట్రమ్ ప్రతిసారీ ఒకే 312 గీతలను మళ్లీ మళ్లీ గీస్తుంది. టీవీ ప్రసారంలో మాదిరి సరి గీతలు, బేసి గీతలు అని రెండు వంతులు ఉండవు. చౌక పెట్టె రెండు వంతులు ఉన్నాయనే అనుకుని రెండు బొమ్మలను ఒకదాంట్లో ఒకటి అల్లేస్తుంది, కదిలే బొమ్మకు దువ్వెన పళ్లలా అంచులొస్తాయి. పాత యంత్రాల కోసమే చేసిన రెట్రోటింక్ లాంటివి ఈ తేడా గుర్తుపడతాయి. ఓ.ఎస్.ఎస్.సి. కూడా మంచిదే కానీ అది కాంపోజిట్ తీసుకోదు, ఇప్పుడు కొనకు.

ఇక నువ్వు తెప్పించనా అని అడిగిన హెచ్.డి.ఎం.ఐ. బోర్డు, జెడ్.ఎక్స్.-హెచ్.డి. అది వెనక ఎడ్జ్ కనెక్టర్‌కు తగులుతుంది. ప్రాసెసర్ తెర మెమరీలోకి ఏమి రాస్తోందో వింటూ, రాస్ప్‌బెర్రీ పై జీరోతో ఆ బొమ్మను తనే కొత్తగా గీసి హెచ్.డి.ఎం.ఐ.లో పంపుతుంది. అద్దంలా ఉంటుంది. ఐరన్ అక్కర్లేదు, బోర్డును ముట్టదు, ఆ రెండూ గొప్ప గుణాలే. ఆటలాడుకోవడానికి కావాలంటే నిక్షేపంగా కొనుక్కో. కాకపోతే అందులో కనిపించే బొమ్మ యు.ఎల్.ఎ. గీసింది కాదు. నువ్వు ఇ.సి.ఇ. చదువుతున్న పిల్లవు, నలభై ఏళ్ల కింద ఒక చిప్పు మూడు తీగల మీద ఏమి పంపిందో ఒకసారైనా చూడకుండా దాని పక్కన ఇంకో కంప్యూటర్ కూర్చోబెట్టడం నాకు నచ్చలేదు.

ఆ మూడు తీగలూ, వై, యు, వి, ఎడ్జ్ కనెక్టర్ అడుగు వరసలోనే పక్కపక్కన ఉన్నాయి. రంగును వెలుతురులో కలపకముందే పట్టుకుంటే ఆ తళతళలు, ఆ కారడాలు ఉండవు. కానీ వై అక్కడ తలకిందులుగా వస్తుంది, దాన్ని తిప్పాలి. మూడింటికీ బఫర్ పెట్టాలి, స్థాయిలు సరిచెయ్యాలి. అది మీటరుతో అయ్యే పని కాదు. దసరాకు ఎల్.బి.నగర్ వస్తున్నాను, నా ఆసిల్లోస్కోపు తెస్తాను. ముందు ప్రోబు పెట్టి వై ఎలా ఉందో చూద్దాం, తర్వాత సర్క్యూట్ గీద్దాం. అప్పటికి నువ్వు కాంపోజిట్ పని పూర్తి చేసి, 170 గీతల ఫోటో, లక్ష్మి ఫోటో రెండూ ఉంచు. ఎడ్జ్ కనెక్టర్ రాగి పళ్లు పచ్చబడి ఉన్నాయి. మామూలు రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పెట్టు.

ఐరన్ పట్టుకున్నప్పుడు కిటికీ తెరిచి ఉంచు. నాన్నను, అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
చిన్నతాత